ఆయన కూర్చుంటానన్న మెట్టు

దెయ్యాలనీ ఆత్మలనీ ఎవరైనా చెబితే నేను నవ్వేదాన్ని. మాది మాచర్ల దగ్గర దుర్గి. మా ఆయన శిల్పి. కాపురానికి వచ్చిన నాటి నుంచి మా వసారాలో దేవుళ్ళు తయారవడం చూస్తూనే ఉన్నాను. అమ్మవారి ముక్కు కింద రాలిన రాతిపొడి ఊడ్చి, అదే చీపురుతో పోతురాజు కాళ్ళ దగ్గరా ఊడ్చేదాన్ని. జనం భయపడి దణ్ణం పెట్టే రూపాలు మా ఇంట్లో సగం చెక్కి పడి ఉండేవి. వాటి మీద తడిబట్టలు ఆరేసుకునేదాన్ని. భయం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు ఇది రాస్తున్నానంటే భయపడి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టాలని.

జపాన్ పిచ్చి మా ఆయనది. నాగార్జునకొండ చూడ్డానికి వచ్చిన జపాన్ వాళ్ళ బస్సు ఒకసారి దుర్గిలో ఆగింది. అందులోంచి ఒక ముసలాయన దిగి మా షెడ్డులోకి వచ్చాడు. కాసేపు చూసి, మా ఆయన పక్కన గొంతుక్కూర్చుని, ఉలి ఇమ్మని చెయ్యి చాపాడు. ఆయనా రాతి పనివాడే. ఒకరి మాట ఒకరికి తెలీదు. బయట బస్సు హారన్ కొడుతూనే ఉంది, వీళ్ళిద్దరూ ఒకే రాయికి చెరో పక్కనా కూర్చుని చెక్కుతూనే ఉన్నారు. ఆయన వెళ్ళిపోయాక మా ఆయన ఆ రాయిని చానాసేపు తడిమి, "వాళ్ళ దేశం పోయి వాళ్ళ రాళ్ళు చూడాలే" అన్నాడు.

ఆ మాటను మా కూతురు మర్చిపోలేదు. దాని పేరు కోటేశ్వరి, మేం కోటి అంటాం. నరసరావుపేటలో బ్యాంకు ఉద్యోగం. రాతిపొడి పీల్చి పీల్చి వాళ్ళ నాన్నకి ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఉలి పట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. మమ్మల్ని పేటకి తెచ్చి తన దగ్గరే పెట్టుకుంది. నడవగలిగినప్పుడే జపాన్ చూపించాలని పట్టుబట్టింది. టూరు కంపెనీతో పోతే అందరితో పాటు పరిగెత్తాలి, ఆయనకి ఆయాసం. అందుకని ప్లాను మేమే వేసుకుందామంది.

అప్పటి సాయంత్రాలు నాకు బాగా గుర్తు. అన్నాలయ్యాక ముగ్గురం ఫోను చుట్టూ కూర్చునేవాళ్ళం. స్టేషనుకి దగ్గరగా ఉండాలి, లిఫ్టు ఉండాలి, రోజూ సామాను సర్దుకునే పని ఉండకూడదు. ఇవి కోటి లెక్కలు. మా ఆయన లెక్క వేరు. హోటలు బొమ్మ చూపిస్తే రెండు వేళ్ళతో పెద్దది చేసి గుమ్మం ముందు మెట్లు చూసేవాడు.

"ఇది మిషను కోత. వద్దు."

"నానా, మనం పడుకునేది గదిలో, మెట్ల మీద కాదు."

"మెట్లు సరిగ్గా పెట్టించుకోనోడు మంచం మాత్రం సరిగ్గా ఏస్తాడా?"

"అమ్మా, నువ్వు చెప్పమ్మా ఈయనకి."

నా బాధ నాది. "అక్కడ అన్నం దొరుకుద్దంటావా?" అనేదాన్ని.

"మనకంటే వాళ్ళే ఎక్కువ తింటారు. పప్పే ఉండదు. కందిపొడి మోసుకుపోదాం."

నాకు అక్షరాలు వచ్చింది కూడా అప్పుడే. యాభై దాటాయి, వేలిముద్రతోనే గడిచిపోయింది. అంత పెద్ద స్టేషన్లలో తప్పిపోతే ఎట్లాగని కోటికి దిగులు. నాకు ఊళ్ళ పేర్లు తెలుగులోనూ జపాన్ భాషలోనూ రాసిన చీటీలు ఇస్తానంది, ముందు తెలుగన్నా రావాలి గదా అని నేలమీద సుద్దముక్కతో రాసి దిద్దించింది. అందరూ అఆలతో మొదలుపెడతారు, నేను ఒసాకాతో మొదలుపెట్టాను. తర్వాత నారా, క్యోటో. శిలాఫలకాల మీద పేర్లు చెక్కిన చెయ్యి గనక మా ఆయన పక్కన కూర్చుని తప్పులు పట్టేవాడు. "ఏమే, ఆ 'క'కి నడుం అంత లావెందుకే? నీలాగుంది" అనేవాడు. సుద్దముక్క ఆయన మీదికి విసిరేదాన్ని.

ఒకరోజు కోటి కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊరు చూపించింది. అక్కడొక బస. ఆ పేజీ జపాన్ భాషలో ఉంటే ఫోనే ఇంగ్లీషు చేసింది, ప్రయాణికుల విడిది అని వచ్చిందట. గది బొమ్మ, భోజనం బొమ్మ, కింద నాలుగు మెట్ల బొమ్మ. నల్లటి రాయి, మధ్యలో అరిగి గుంటపడింది. మా ఆయన ఫోను దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలితో ఆ మెట్టు అంచు తడమబోయాడు, బొమ్మ పక్కకి జరిగిపోయింది. మళ్ళీ తెమ్మన్నాడు.

"చెయ్యి పని. ఇక్కడ దిగుదాం" అన్నాడు.

దసరా దాటాక ప్రయాణం. టిక్కెట్లయ్యాయి, హోటళ్ళన్నీ అయ్యాయి. ఎండాకాలంలో ఆయన పడిపోయాడు.

పేటలోనే ఆసుపత్రిలో పెట్టాం. ఆక్సిజన్ మాస్కు పెట్టారు. దాన్ని పక్కకి లాగి ఏదో మాట్లాడేవాడు. ఊపిరి చాలక అట్లా పలవరిస్తారని నర్సమ్మ చెప్పింది. ఒక మధ్యాహ్నం నేనూ కోటీ ఇద్దరం మంచం పక్కనే ఉన్నాం. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాడు.

"రైలు దిగాం" అన్నాడు. మాచర్ల స్టేషను అనుకున్నాం. "కాలవ పక్కన పోవాల. చేపలు చూడు, రంగు చేపలు." కాసేపాగి, "ఈ బండ కదలతంది. చూసుకోని అడుగెయ్" అన్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, నిజంగా జారతానేమోనన్నట్టు. తర్వాత నవ్వాడు. "గోడలో తామరపూవు రాయి తలకిందులు పెట్టాడు చూడు. ఎవడో తెలిసీ తెలీని మేస్త్రీ."

ఇంకాసేపటికి, "మెట్లొచ్చాయి. నేనిక్కడ కూర్చుంటా. లోపలికి నేను రాకూడదు. మీరు పొండి" అన్నాడు.

పలవరించే మనిషితో ఏమంటాం? "సరే, కూర్చో. కాసేపు కూర్చో" అన్నాను.

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. మర్నాడు పోయాడు.

పెద్దకర్మ అయ్యాక కోటి టిక్కెట్లు వెనక్కి ఇచ్చేస్తానంది. నేనే వద్దన్నాను. ఆయన చూడాలనుకున్న రాళ్ళు ఎవరో ఒకరం చూడాలి గదా అనిపించింది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కోప్పడ్డారు.

"ఏడాది తిరక్కముందే ఊళ్ళు తిరుగుతారంటమ్మా? ఏటిసూతకంలో గుడి గడప తొక్కకూడదు. మీరు తొక్కితే వాడికి మంచిది కాదు. మిగతాది మీ ఇష్టం."

వాడికి మంచిది కాదన్న మాట నా గుండెలో పడింది. దెయ్యాలు నమ్మకపోయినా ఏటిసూతకం నమ్ముతాను. అది భయం కాదు, పోయినవాళ్ళ పట్ల మర్యాద. దుర్గిలో ఏ ఇంట్లో పోయినా ఆ ఏడాది గుడి బయటే నిలబడతారు.

కోటి మళ్ళీ ఫోను ముందేసుకుంది. మొన్నటిదాకా ముగ్గురం నవ్వుకుంటూ పెట్టినవన్నీ ఒక్కతే కూర్చుని తీసేసింది. నారా తీసేసింది. గుళ్ళు తీసేస్తే ఇంకేముందని క్యోటో ఊరికి ఊరే తీసేసింది. వాటి బదులు తోటలు, కోటలు, సముద్రం పెట్టింది. ముగ్గురి గదులు ఇద్దరి గదులు చేసింది. అట్లా మార్చే ప్రతిచోటా ఫోను అడిగేది, ఎంతమంది అని. రెండు అని నొక్కడానికి దానికి చానాసేపు పట్టేది. కొండ ఊరి బస మాత్రం ఉంచింది. నాన్న ఎంచుకున్నది అదొక్కటే మిగిలిందమ్మా, అంది.

దసరా దాటాక బయల్దేరాం. ఒసాకా కోట గోడలో ఏనుగంత రాళ్ళు చూశాను. వాటి మీద అరచెయ్యి పెట్టి, చూశావా, అని మనసులో అన్నాను.  

కొండ ఊళ్ళో రైలు దిగేసరికి సన్నగా వాన. కోటి ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పెట్టె పట్టుకుని ముందు నడుస్తోంది. సందు పక్కనే కాలవ, గాజులాంటి నీళ్ళు, అందులో ఎర్రవీ తెల్లవీ చేపలు. వాటిని చూస్తున్నానే గానీ నాకేమీ తట్టలేదు. కాలవ మీద బండలు పరిచిన చోట కోటి కాలు పెడితే ఒక బండ కదిలింది.

"చూసుకోని అడుగెయ్" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నిలబడిపోయాను. కోటి కూడా నిలబడింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. పక్క బండ మీదుగా దాటింది. 

ఇంకొంచెం దూరం పోయాక రాతిగోడ వచ్చింది. ఎక్కడిదో పాత రాయి ఒకటి తెచ్చి అందులో కలిపేశారు. దాని మీద తామరపూవు చెక్కి ఉంది, రేకులు కిందికి చూస్తున్నాయి. కోటి పెట్టె కింద పెట్టేసి గోడకి ఆనుకుంది.

"అమ్మా, ఆ రోజు నాన..."

"పద" అన్నాను. నాకు మెట్లు చూడాలని ఉంది.

మెట్లు వచ్చాయి. బొమ్మలో చూసిన నాలుగే. కానీ బొమ్మలో కనపడనిది, అవి అక్కడితో ఆగలేదు. మలుపు తిరిగి పైకి పోయాయి, పైన పెద్ద ద్వారం, పక్కన గంట. మెట్ల పక్కనున్న బోర్డుకి కోటి ఫోను చూపించి చదివింది. మళ్ళీ ఇంకోసారి చదివింది.

"అమ్మా, ఇది గుడి. మనం బుక్ చేసిన గది గుడి లోపల ఉంది."

వెతికి వెతికి అన్ని గుళ్ళూ తీసేసిన వాళ్ళం, పడుకోవడానికి గుడికే వచ్చాం. లోపలికి నేను రాకూడదని ఆయన ఎందుకన్నాడో అప్పుడు అర్థమై, మళ్ళీ అర్థం కాలేదు. ఆ మాట అన్నప్పుడు ఆయన బతికే ఉన్నాడు. అప్పటికి మా ఇంట్లో ఏ సూతకమూ లేదు.

అప్పుడు చూశాను. మెట్లన్నీ తడిసి నిగనిగలాడుతున్నాయి. మొదటి మెట్టు మీద ఎడమ పక్కన మనిషి కూర్చునేంత చోటు పొడిగా ఉంది. పైన చెట్టు లేదు, చూరు లేదు. మేం వచ్చిన దారిలో ఎవరూ ఎదురు రాలేదు, పైన కూడా ఎవరూ కనపడలేదు. కోటిని చూడమన్నాను. అది వంగి వేళ్ళతో తాకి, చెయ్యి చప్పున తీసుకుంది. వెచ్చగా ఉందమ్మా, అంది. నేను తాకలేదు. నా నెత్తి మీది గొడుగు తీసి ఆ చోటు మీద పట్టుకున్నాను. పక్కన తడి మెట్టు మీద కూర్చున్నాను.

పైనుంచి బస నడిపే పెద్దామె దిగి వచ్చింది. ఇంట్లో చావు జరిగి ఏడాది కాలేదని, మేం లోపలికి రాకూడదని కోటి ఫోను చేత వాళ్ళ భాషలో చెప్పించింది. మాకేమీ అభ్యంతరం లేదు, రండి, అని ఫోను ఆమె మాట తెలుగు చేసి చెప్పింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నా వైపూ గొడుగు వైపూ చూసింది.  స్టేషను దగ్గర ఇంకో హోటలుకి తనే ఫోను చేసి మాకు గది చెప్పింది.

ఇంటికొచ్చాక కోటి చానా వెతికింది. ఫోను మ్యాపులో వీధుల బొమ్మలు ఉంటాయట, నాన్న అవి చూసి ఉంటాడేమోనని. ఆ సందుకి బొమ్మలే లేవు. ఆయనకి హోటలు బొమ్మ పెద్దది చేయడం తప్ప ఫోనులో ఇంకేమీ రాదు. పోనీ, ఎట్లాగో చూశాడే అనుకుందాం. బండ కదులుతుందని ఏ బొమ్మ చెబుతుంది? గాలి ఏదో వాటంగా వీచి అంత చోటు తడవలేదంటారు మా బావగారు. అయ్యుండచ్చు.  నేను సమాధానం వెతకడం మానేశాను.

కానీ ఆ సాయంత్రం ఆ మెట్టు మీది నుంచి లేవడం నా వల్ల కాలేదు. పైకి పోలేను. వెనక్కి పోతే ఆయన ఒక్కడే.

"అమ్మా, పూర్తిగా తడిసిపోయావు. చీకటి పడతంది, పద."

"కూర్చోమన్నది నేనే గదే" అన్నాను.

కోటి నా ముందు తడి నేల మీదే మోకాళ్ళ మీద కూర్చుంది. ఆసుపత్రిలో ఏడవలేదు, శ్మశానం నుంచి వచ్చిన వాళ్ళకి నీళ్ళిస్తూ కూడా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. "మనల్ని పొమ్మన్నాడమ్మా. నాన మనల్ని పొమ్మన్నాడు" అంది.

అది చలికి వణుకుతోంది. దాన్ని చూసి లేచాను.

గొడుగు నేనే తీశాను. మొదటి చినుకు ఆ పొడి రాయి మీద నల్లగా అంటుకుంది. తర్వాత ఇంకొకటి. అంచుల నుంచి తడి లోపలికి వచ్చింది. చివరికి అరచేతంత మిగిలింది, అదీ పోయింది. ఇద్దరం నిలబడి చూశాం. తడి అంతా కలిసిపోయాక, ఆయన ఎక్కడ కూర్చున్నాడో నాకే గుర్తు తెలియలేదు.