మేస్త్రీ దాచుకున్న బొమ్మలు

ఫోనులో బొమ్మ చూపించి "అచ్చం ఇలాంటి అలమార కావాలి" అనేవాళ్లంటే వడ్రంగి మేస్త్రీకి ఒళ్లు మండేది. "బొమ్మలో చెక్క వంగదమ్మా, ఇంట్లో వంగుతుంది" అని పంపించేసేవాడు. అలాంటి మనిషికి కోడలు, నచ్చిన బొమ్మలన్నీ ఏరి దాచుకునే సైటొకటి ఫోనులో తెరిచి ఇచ్చింది. ఇంకేముంది! ఒక కుర్చీని నొక్కితే దాని అక్కచెల్లెళ్లు నలభై మంది బిలబిలమంటూ వచ్చేవారు. చెవి మీది పెన్సిలు చెవి మీదే ఉండేది. రంపప్పొట్టు అంటిన బొటనవేలు మాత్రం పొద్దస్తమానం తెరకు చిత్రిక పడుతూ ఉండేది. రెండు నెలల్లో ఆరువందల కుర్చీలు, మూడువందల మెట్లు పోగయ్యాయి, తలుపులకైతే ప్రత్యేకంగా ఒక అర. చేతులతో చేసినవి మాత్రం రెండు పీటలు. పని సంగతి అడిగినవాళ్లకు "డిజైను ఆలోచిస్తున్నా" అని గంభీరంగా చెప్పేవాడు.

ఒక ఆదివారం భార్య తన ఫోను తెచ్చి అతని ముందు పెట్టింది. తెర మీద రంగు పోయిన తలుపు, గడియ ఉండాల్సిన చోట రెండు చిల్లులు. మేస్త్రీ కళ్లద్దాలు సర్దుకుని మురిసిపోయాడు.

"అబ్బ, ఏం పాతదనం! కావాలని చేసినా రాదు. ఏ దేశందే ఇది?"

"మన స్నానాల గదిది. గడియ ఊడి నాలుగేళ్లయింది. ఎవరూ తోసుకుని రాకుండా, లోపలున్నంతసేపూ గొంతు చించుకుని పాడుతున్నా."

మేస్త్రీ ఫోను బోర్లా పెట్టి, పనిముట్ల సంచీ వెతుక్కుంటూ లేచాడు. తీరా చూస్తే పావుగంట పని. ఆ సాయంత్రం ఆమె పాట పాడకుండా, తీరిగ్గా స్నానం చేసింది.