మోకాలి చిప్ప కింద తెగినది

బస్సు కండక్టరుగా చేస్తున్న రోజుల్లో, కోదాడ బస్టాండులో వాన నీళ్ల మీద జారి మోకాలు మడతపడి పడ్డాను. లోపల ఏదో టప్పుమంది. నలుగురు లేపితే అడుగు వేయబోయాను. కాలు నాది కానట్టు కుప్పకూలింది.

ఇంట్లో అందరూ నరం పట్టిందని తేల్చేశారు. మా అత్తమ్మ ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నడుము పట్టేసిందంటే ఆమెతో తన్నించుకోవడానికి నడిగూడెం నుంచి కూడా వచ్చేవాళ్లు. "గీ మోకాలెంత, జల్ది సక్కగైతది" అంటూ రోజూ పొద్దున్నే మడమతో మెల్లగా తాకేది. నొప్పి కాస్త తగ్గింది కూడా. కానీ పడుకుని కాలు చాచి ఎత్తబోతే మంచం మీంచి మడమ లేవలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఇగ చాలు అత్తమ్మా, నేను దవాఖానకు పోత" అన్నాను.

సూర్యాపేటలో ఎముకల డాక్టరు చిప్పను తడిమి, అది పైకి జరిగిందని చూపించాడు.

"నరం గాదమ్మా. చిప్పను కింది బొక్కకు పట్టి ఉంచే పట్టీ తెగింది. బావిల తాడు తెగితే బొక్కెన పైకొస్తదా? తొడ కండ ఎంత గుంజినా కాలు లేవదు. సగమే తెగితే కట్టుతోని మానుతుండె. మొత్తం తెగింది, కుట్టాలె."

ఇంకా ఆలస్యం చేస్తే కుట్టడమే కష్టమన్నాడు. కత్తికి నేను భయపడలేదు. డిపోలో అప్పటికే నన్ను ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టే మాట నడుస్తోంది. ఆ కుర్చీకి భయపడ్డాను.

ఆపరేషన్ అయ్యాక కాలు వంగకుండా బెల్టు బిగించారు. తర్వాత మిర్యాలగూడలో అమ్మ దగ్గర ఉండి ఫిజియోథెరపీకి వెళ్లాను. మోకాలు కొంచెం కొంచెంగా వంచుతుంటే ప్రాణం పోయేది. ఆ ఫిజియో అమ్మాయిని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని.

"తిట్టక్కా, కానీ వంచు" అనేది.

ఒకరోజు అత్తమ్మ చూడటానికి వచ్చింది. నేను కాలు చాచి గాల్లోకి లేపితే, అది కిందికి దిగేదాకా చూస్తూ కూర్చుంది.

"నా కాలుతోని అయ్యే పని గాదిది" అంది. ఆమె మీద ఉన్న కోపమంతా అక్కడే పోయింది.

మళ్లీ సంచి భుజాన వేసుకుని సూర్యాపేటలో కోదాడ బస్సు ఎక్కిన రోజు లోపల కాలు పెట్టే సందు లేదు. ముందు సీట్లో ఒక పెద్దావిడ పక్కకు జరిగింది.

"కూసో బిడ్డా, ఎంతసేపని నిలబడ్తవ్" అంది.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నిలబడటానికే వచ్చానని చెప్పి ఆమెకు టికెట్ ఇచ్చాను. కోదాడ దాకా కూర్చోలేదు.