గొర్రెపిల్ల నాలుగో కాలు

అక్టోబరు వచ్చిందంటే ఢిల్లీలో మా తెలుగు సంఘం ఆడవాళ్ళకి శనివారాలు సొంతానికి మిగలవు. డ్యూటీ లేనివాళ్ళందరం మధ్యాహ్నం చర్చి వెనక గదికి చేరతాం. ఆ గది నిజానికి మాది కాదు, హిందీ ఆరాధన వాళ్ళది. అడిగి తీసుకుంటాం. రెండు పొడుగు బల్లలు కలిపి, పాత పేపర్లు పరిచి, క్రిస్మస్ కార్డులు చేస్తాం. సంఘంలో ప్రతి ఇంటికీ, పండక్కి కూడా సెలవు దొరక్క హాస్టళ్ళలో ఉండిపోయే నర్సు పిల్లలకీ మా కార్డు వెళ్ళాల్సిందే. కొన్నది కాదు. చేత్తో కోసి, చేత్తో సిరా అద్దింది.

ఈ పని మొదలుపెట్టింది నేనే. గొప్పకే చెబుతున్నాను, ఎందుకు దాచుకోవాలి?

కోత నాది, అద్దకం వాళ్ళది. ప్లాస్టిక్ షీటు మీద బొమ్మ గీసి, ఆపరేషన్ థియేటర్లో వాడే సన్నమొన బ్లేడుతో కోస్తాను. ఒక్క కోతకి రెండు వస్తువులు వస్తాయి. బొమ్మ ఆకారంలో కన్నం పడిన షీటు స్టెన్సిల్, అందులోంచి ఊడివచ్చిన ముక్క మాస్కు. స్టెన్సిల్ పెట్టి సిరా అద్దితే బొమ్మకి రంగు వస్తుంది. మాస్కు పెట్టి చుట్టూ అద్దితే ఆకాశానికి రంగొచ్చి బొమ్మ తెల్లగా మిగులుతుంది. ఒకప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్ములు కడిగి వాటినే కోసేవాళ్ళం. ఆస్పత్రుల్లో అంతా కంప్యూటర్లోకి పోయాక, బేర్ సరాయ్‌లో బైండింగ్ దుకాణానికి వెళ్తున్నాను. అక్కడ సివిల్స్ పిల్లలు నోట్సుకి అట్టలు వేయించుకుంటుంటారు. వాళ్ళ మధ్యలో దూరి, "భయ్యా, మోటీ వాలీ షీట్ దేనా" అని అరిచి మందపాటి షీటు తెచ్చుకుంటాను.

అద్దేవాళ్ళ మీద కూడా అరుస్తాను. దూదిని గాజ్ గుడ్డలో చుట్టి, సిరా ప్యాడ్ మీద తాకించి, ముందు చిత్తు కాగితం మీద నాలుగు దెబ్బలు కొట్టి, ఆ తర్వాతే కార్డు మీద నిలువుగా తట్టాలి. రుద్దితే సిరా షీటు కిందికి పారి అంచు చెడుతుంది. ఏటా చెప్పినా ఎవతో ఒకతి రుద్దుతుంది. "ఏంటే, పుండు కడుగుతున్నావా?" అంటాను. అందరూ పకపకా నవ్వుతారు. వాళ్ళలో చాలామంది నా చేతికింద పని నేర్చుకున్నవాళ్ళే. నేను వార్డు ఇన్‌చార్జిగా రిటైరయ్యాను, నా నోరు మాత్రం రిటైరవలేదు.

పోయిన ఏడాది వేసవిలో మొదలైంది. కుర్చీలో కూర్చుని టీవీ చూస్తుంటే కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద దానంతటదే కదిలింది, మాత్రని నలుపుతున్నట్టు. నర్సుకి ఇంకొకరు చెప్పాలా? తర్వాత డాక్టరూ అదే చెప్పాడు. పార్కిన్సన్స్ మొదలట, మందులతో చాలాకాలం నెట్టుకురావచ్చట. ఆ నెట్టుకురావడం అనే మాట నేనెంతమంది మంచాల పక్కన నిలబడి చెప్పానో! విన్నవాళ్ళకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

కానీ ఈ వణుకులో ఒక కిటుకుంది. చెయ్యి ఊరికే ఉన్నప్పుడే ఆడుతుంది, పనిలో పడితే ఆగుతుంది. బ్లేడు పట్టుకుని మొన షీటుకి ఆనించగానే నా బొటనవేలు నోరుమూసుకునేది. కోసినంతసేపూ నాకే జబ్బూ లేదు. అందుకే ఆ ఏడాది కోత నాకు ఎప్పటికన్నా ఎక్కువ కావాల్సివచ్చింది. అది కూడా పోతే నా చెయ్యి ఒళ్ళో పడి ఆడుతూ ఉంటుంది, నేను దాన్ని చూస్తూ ఉంటాను. అంతకు మించి నాకు మిగిలేది లేదని తెలుసు.

ఇంట్లో మా ఆయన కాక, గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఒక్కదానికే చెప్పాను. నేను తెలుగులో మాట్లాడితే అది హిందీలో జవాబిస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే.

"మమ్మీ, ఛోడ్ దో నా యే సబ్. ఆరామ్ కరో అబ్," అంది, ఇవన్నీ మానేసి ఇక విశ్రాంతి తీసుకోమని.

"ఆరామ్ చేస్తేనే వణుకుతుందే తల్లీ. పని చేస్తే ఆగుతుంది."

"అచ్ఛా, డాక్టర్ సే పూఛేంగే," అని సంగతి డాక్టరు మీదికి నెట్టి, మీటింగుందని పెట్టేసింది. పాపం, ప్రేమతోనే అంది. ప్రేమతో అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో!

ఆ ఏటి బొమ్మలో పశువుల తొట్టి, పైన నక్షత్రం, ముందు ఒక గొర్రెపిల్ల. దాని కాళ్ళు అగ్గిపుల్లల్లా సన్నం. కావాలనే అంత సన్నగా గీశాను, నా చెయ్యి ఇంకా నాదేనని నాకు నేను చూపించుకోవాలని. కిటికీలు మూసేసుకుని కూర్చున్నాం, బయట నవంబరు పొగ కళ్ళు మండించేస్తోంది. మూడు కాళ్ళు అందంగా వచ్చాయి. ఈ జబ్బులో వణుకొక్కటే కాదు, బిగుసుకుపోవడం కూడా ఉంది. నాలుగో కాలి మోకాలి వంపు దగ్గర చెయ్యి ఆగిపోయింది. పొమ్మంటే పోదు. పంతానికి తోశాను. బ్లేడు జారి కాలు తెగ్గొట్టుకుంటూ పొట్టలోకి పోయింది.

నేనే ఒక తిట్టు తిట్టి ఇంకో షీటు అందుకునేదాన్ని. ఈలోగా ఒంగోలు పిల్ల లేచి వచ్చింది. నేను దగ్గరుండి తయారుచేసిన నర్సుల్లో అందరికన్నా గట్టిది అది. నా మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టింది. "ఏం కాలా మేడమ్. ఇటివ్వండి... ఆఁ, అట్టా. అంతే. అయిపోయింది," అంది. బ్లేడు దాని చేతిలోకి వెళ్ళిపోయింది.

ఆ గొంతు నాకు తెలుసు. ఎందుకు తెలియదు, నేర్పింది నేనైతే! రోగి చేతిలోంచి వస్తువు లాక్కోకూడదు, ముందు కింద చెయ్యి ఆసరా పెట్టు, మెత్తగా మాట్లాడుతూ ఉండు, అయిపోయాక అయిపోయిందని చెప్పు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ మొదటి వారంలో చెప్పే పాఠం. అక్షరం పొల్లుపోకుండా నా మీద చేసి చూపించింది.

"నా మొహం! ఇంకో షీటియ్యి, మళ్ళీ కోస్తాను," అన్నాను.

"వచ్చే వారం కోద్దురుగానిలే మేడమ్. ముందు టీ తాగండి." గ్లాసులో సగమే పోసింది. మిగతా అందరికీ నిండుగా పోసింది.

మరుసటి శనివారం నేను వెళ్ళేసరికి బల్ల మీద కొత్త స్టెన్సిళ్ళున్నాయి. ఒంగోలు పిల్ల నా బొమ్మని ఫోన్లో ఫొటో తీసి, ఎవరికో పంపించి మెషీన్ మీద కోయించిందట. గొర్రెపిల్లకి నాలుగు కాళ్ళూ ఉన్నాయి. అంచులు నున్నగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే చాలా బాగుంది, అదే నాకు ఒళ్ళు మండించింది.

నాకు పొగ తగలకుండా కిటికీకి దూరంగా కుర్చీ వేశారు. సిరా అంటిన స్టెన్సిళ్ళూ మాస్కులూ స్పిరిట్‌తో తుడిచి ట్రేలో జతలు పెట్టే పని ఇచ్చారు. వార్డులో నెలల తరబడి పడుకుని దిగులుపడే రోగులకి ఏదో ఒక వ్యాపకం ఉండాలని గాజ్ గుడ్డలు మడతపెట్టమని ఇచ్చేవాళ్ళం. అలాంటి పని. ఎంతసేపని తుడుస్తాను? అయిపోయాక చెయ్యి ట్రే అంచు మీద పెట్టుకుని కూర్చున్నాను. అది మొదలుపెట్టింది. ట్రేలో ముక్కలు టకటకలాడాయి. అందరికీ వినబడింది. ఎవరూ ఇటు చూడలేదు, అందరూ కొంచెం గట్టిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఒంగోలు పిల్లని వరండాలోకి పిలిచాను.

"ఏమే, నేను నీకు పేషెంటునా?"

"అదేం మాట మేడమ్!"

"మరి ఆ గొంతేంటి? ఆ సగం గ్లాసు టీ ఏంటి? ఎవరికి పెడుతున్నావే ఈ నాటకం?"

దాని కళ్ళు నిండిపోయాయి. "మీ బ్యాగులో మందు చూశా మేడమ్. మీ చెయ్యి తెగితే ఏంది గతి? మా అమ్మయితే నేను ఇట్టా చెయ్యనా?"

"చెయ్యి ఊరికే ఉంటేనే వణుకుతుంది, పనిలో ఉంటే వణకదు. చదివింది మర్చిపోయావా?"

"మర్చిపోలా. నాకూ తెలుసు. కానీ మీరు బ్లేడు పట్టుకుంటే చూడలేకపోతున్నా, ఏం చెయ్యమంటారు?"

అది కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది, పక్కన నేను నా చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాను. చివరికి అదే అంది. "వచ్చే శనివారం నక్షత్రం మీరే కొయ్యండి మేడమ్. మెషీన్ది పక్కన పడేద్దాం. సరేనా?" పట్టరాని సంతోషమేసింది. పైకి మాత్రం, "నీ పర్మిషన్ ఎవడికి కావాలే," అని లోపలికి వచ్చేశాను.

మధ్యలో ఆదివారం వచ్చింది. ఆరాధనలో పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చదివారు. ఒకరికి ఆపరేషను, ఒకరికి పరీక్ష, ఒకరికి బదిలీ, ఆ తర్వాత "కార్డులు కోసే మన అక్కగారి చేతి స్వస్థత కోసం." ఎవరు రాసిచ్చారో అడగలేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. వెనకనుంచి ఎవరెవరివో అరచేతులు నా భుజాల మీదకి వచ్చాయి. నేను బైబిలు కింద చెయ్యి దాచుకుని, పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. దేవుడికి ఎలాగూ ముందే తెలుసు. ఇప్పుడు ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలిసింది. బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుంది. అవే మెట్లు నేను ఏళ్ళ తరబడి పరుగున ఎక్కాను.

ఆ వారమంతా ఇంట్లో నక్షత్రాలే కోశాను. మా ఆయన టిఫిన్ చల్లారిపోతోందని గొణిగినా వినలేదు. వంపులు లేని బొమ్మ కాబట్టి చెయ్యి ఎక్కడా ఆగలేదు. మొనలు తేలిపోకుండా, మూలలు చిరగకుండా వచ్చాయి. ఒక్కోటి కిటికీకి అడ్డం పెట్టి చూసుకుని మురిసిపోయాను. శనివారం తలంటి పోసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఆటో ఎక్కాను.

ఒంగోలు పిల్ల మాట తప్పలేదు. బల్లకి మధ్యలో, వెలుతురు బాగా పడే చోట, కొత్త షీటు పరిచి ఉంది. పక్కన కొత్త బ్లేడు. కూర్చున్నాను. బ్లేడు పట్టుకోగానే చెయ్యి కుదురుకుంది. మొదటి గీత సాఫీగా సాగింది, రెండోదీ అంతే. అప్పుడు తల ఎత్తాను. ఎవరూ అద్దడం లేదు. అందరూ నా చుట్టూ నిలబడి చూస్తున్నారు. నా మోచేతి పక్కన, నాకు కనబడకూడదని కాబోలు కొంచెం వెనక్కి, ఒక స్టీలు ట్రే ఉంది. అందులో దూది, బీటడిన్, గాజ్ గుడ్డ, కట్టు, ప్లాస్టర్, కత్తెర. ఏది ముందు కావాలో అది ముందు, నేను నేర్పిన వరసలోనే సర్దారు.

నేను ఎప్పుడు చెయ్యి కోసుకుంటానా అని అందరూ సిద్ధంగా ఉన్నారు.

"మెల్లగా మేడమ్," అంది ఒంగోలు పిల్ల. "తొందరేం లేదు. మీకు వద్దనిపిస్తే ఆపేద్దాం."

తిట్టడానికే నోరు తెరిచాను. మంచి తిట్టే నాలుక మీదికి వచ్చింది. చుట్టూ ఆ మొహాలు చూశాను. అన్నీ నా పిల్లలవే, అన్నిట్లోనూ భయమే. బ్లేడు తీసి వాళ్ళ ట్రేలో, కత్తెర పక్కన పెట్టాను.

"సరేనమ్మా. ఆపేద్దాం," అన్నాను.

అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. ఒకతి నా భుజం నొక్కింది, ఒకతి టీ తెస్తానని పరుగెత్తింది. మెషీన్ కోసిన నక్షత్రం తెచ్చి పని మొదలుపెట్టారు, కబుర్లూ నవ్వులూ మొదలయ్యాయి.

వార్డులో గొడవచేసే రోగి గురించి నేనెప్పుడూ బెంగపడలేదు. సూది వద్దని, అన్నంలో ఉప్పు లేదని మమ్మల్ని దులిపేసేవాడు తన కాళ్ళ మీద ఇంటికి నడిచివెళ్ళేవాడు. అలాంటివాడు ఒక పొద్దున "సరే సిస్టర్" అని గోడవైపు తిరిగి పడుకున్నాడంటే, వెంటనే డాక్టర్ని పిలిపించి, వాళ్ళింటికి కబురు చేయించేదాన్ని. ఇది కూడా ఈ పిల్లలందరికీ నేర్పాను. ఆ శనివారం ఒక్కదానికీ గుర్తు రాలేదు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, కార్డులు ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.