ఆముదం పప్పు

సూరత్ గోడాదరాలోని ఆ రెండు గదుల ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే చెయ్యి ఒక్కటే, అది వెంకటవ్వది. భర్త వెంట సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల మీద, సాంచెల పనికి సూరత్ వచ్చిన నాటి నుంచీ అంతే. భర్త పోయాడు, కొడుకు పరమేశ్ అవే సాంచెల మీద పనికి కుదిరాడు, కోడలు లత వచ్చింది. చెయ్యి మాత్రం మారలేదు. నీళ్లు మరగగానే ముసలామె బియ్యం గిన్నె ఒళ్లో పెట్టుకుని కోడలి ముఖంలోకి చూసేది.

"నీకెంత పొయ్యాలె?"

వినడానికి ప్రేమగానే ఉంటుంది. రెండు గుప్పిళ్లంటే కనుబొమలు పైకి లేస్తాయి. ఒకటంటే "పని జేసే ఒళ్లు గిట్లనా" అని దెప్పుడు. ఆకలి ఎంతో ముందే ఒప్పుకుని, ఒప్పుకున్నంతే తినాలి. లత సూరత్‌లోనే పుట్టి పెరిగింది. అత్తను మీరు అనాలని తల్లి నేర్పి పంపింది కనుక పళ్లు బిగబట్టి "మీ ఇష్టం అత్తమ్మా" అని ఊరుకునేది.

వెంకటవ్వకు పొదుపంటే ఇంట్లో ఏదీ నిలవ ఉండకపోవడం. ఏ పూటకాపూట వీధి చివరి కిరాణా నుంచి పొట్లం కట్టిన పప్పు పుడి, కారం పుడి, చిన్న నూనె పాకెట్ వచ్చేవి. "రాశి కండ్లవడితె చెయ్యి ఆగది" అనేది. నిజమే, తిండి చాలని ఇంట్లో పెరిగిన మనిషికి తెలిసిన మాటే అది. కానీ పుడి కట్టి అమ్మేవాడు పుడికీ లాభం వేసుకుంటాడన్నది ఆమె చెవికి ఎక్కదు. పోయిన దీపావళికి ఏటా వచ్చే సెలవులకు సాంచెలు మూతబడి కూలి ఆగింది, దాంతో పుడీలూ ఆగాయి. పండుగ వెళ్లాక ఊరంతా మిఠాయిలు తింటుంటే ఆ ఇంట్లో గంజి, పచ్చిమిరపకాయ. మళ్లీ దీపావళికి ఆ గంజి తాగేది లేదని లత ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

చీరలకు స్టోన్లు అంటించే పనిలో వచ్చిన పైసలు దాచి, ఎండాకాలం చివర్లో కింది ఇంటి జశుబెన్‌తో కలిసి టోకు బజారుకు వెళ్లింది. గుజరాతీల ఇళ్లలో ఏడాదికి సరిపడా గోధుమలూ కందిపప్పూ ఎండల్లోనే తెచ్చి పెట్టుకుంటారు. లత కూడా అలాగే డ్రమ్మెడు కందిపప్పు తెచ్చింది. డ్రమ్ముకు చోటు కావాలని వంటగట్టు కిందున్న సొట్టబోయిన గిన్నెలు, మూతల్లేని సీసాలు, వెంకటవ్వ మడిచి మడిచి దాచిన ప్లాస్టిక్ కవర్లు అన్నీ బయట పారేసింది. ఆ కవర్లు చెత్తబండి ఎక్కడం చూసి ముసలామెకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంట మీదే ఉండగా కోడలు పప్పు గుట్టగా పోసి చేతులకు నూనె పూసుకోవడం కంటబడింది.

"ఏందే గది?"

"దివేల్ అత్తమ్మా. పురుగు పట్టకుంట రాస్తరు."

"దివేల్ అంటె ఏంది?"

"దివేల్ అంటె దివేలే. తెలుగుల ఏమంటరో నాకు తెల్వదు."

నిజంగానే తెలియదు. ఆ పిల్లకు సామాన్ల పేర్లన్నీ బజారు భాషలోనే వచ్చు. వెంకటవ్వ నమ్మలేదు. వేలు ముంచి వాసన చూసింది. ఆముదం. చిన్నప్పుడు ముక్కు మూసి తాగించి కడుపు కడిగిన ఆముదం. పేరు దాచిందంటే కుట్ర కాక మరేమిటి?

"నన్ను మంచాన పడేసి బియ్యం నువ్వు పోద్దామనా?" అంది.

"మిమ్మల్ని పడేసుడుకు డ్రమ్మెడు పప్పు గావాల్నా?" అంది లత, చేతులాపకుండా.

ఆ మాట చెప్పుకుంటూ ముసలామె వీధి వీధంతా తిరిగి వచ్చింది. రాత్రి కొడుకు ముందు ఏడ్చింది. తల్లికీ పెళ్లానికీ మధ్య ఫోనులో తల దూర్చడం తప్ప మరో విద్య రాని పరమేశ్ "జర సర్దుకపోండ్రి" అన్నాడు. ఎవరిని అన్నాడో ఇద్దరికీ తెలియలేదు.

మర్నాడు లత పనికి వెళ్లగానే వెంకటవ్వ నడుం బిగించింది. మోకాళ్ల నొప్పులని గ్లాసెడు నీళ్లు కూడా అందుకోని మనిషి, పప్పును బకెట్టు తర్వాత బకెట్టు మేడ మీదికి మోసింది. వేడినీళ్లు పోసి పప్పంతా రుద్ది రుద్ది కడిగి పాత చీరల మీద ఆరబోసింది. కోడలి కుట్రను కడిగేశానని చాలా సంతోషపడింది. ఆ మాపటికి మబ్బు కమ్మి తొలివాన దంచింది. పరుగెత్తి ఎక్కింది కానీ ఒక్కతే ఎన్ని చీరలు ఎత్తగలదు? తడిసింది తడిసినట్టే ఉబ్బింది. రెండు రోజులకు మెట్లెక్కేవాళ్లు ముక్కు మూసుకున్నారు.

వాసనకు జశుబెన్ పైకి వచ్చింది. చేతిలో ఎప్పటిలాగే పప్పు గిన్నె. వారానికోసారి ఆ గిన్నె వచ్చినప్పుడల్లా వెంకటవ్వ వేళ్లు నాకి "పప్పంటె గిది" అని కోడలిని ఎత్తిపొడిచేది. విషయం విని జశుబెన్ నోరు తెరిచింది. తన ఇంట్లోనూ దివేల్ రాసిన పప్పేననీ, వండే ముందు వేడినీళ్లతో కడిగితే పోతుందనీ, ఇన్నాళ్లూ వెంకటవ్వ మాసీ తిన్నది అదేననీ హిందీలో చెప్పింది. హిందీ వెంకటవ్వకు బాగానే వచ్చు. అయినా అర్థం కానట్టు గోడ వైపు చూస్తూ కూర్చుంది.

పరమేశ్ కుళ్లిన పప్పును గోనెల్లో కట్టి మోసుకెళ్లి పారేసి వచ్చాడు. చేతులు కడుక్కుని, తల్లి ముఖం చూడకుండా అన్నాడు.

"అమ్మా, ఇగ నువ్వు కూసో."

లత తిట్టలేదు, ఏడవలేదు. దీపావళికి మళ్లీ గంజే. తిట్టినా ఏడ్చినా డ్రమ్ము నిండదు. తెల్లారి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. అలవాటు చొప్పున వెంకటవ్వ గిన్నె కోసం చెయ్యి చాచింది. గిన్నె అక్కడ లేదు, కోడలి ఒళ్లో ఉంది. నీళ్లు మరుగుతున్నాయి. లత గుప్పిట్లోకి బియ్యం తీసుకుని, అత్త ముఖంలోకి సూటిగా చూసింది.

"నీకెంత పొయ్యాలె?"