మా ఇంటి గోడ వెనుక మోటారు

అది 2021. ఖమ్మం దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి మొదలయ్యే చోట ఒక చిన్న మున్సిపాలిటీలో నేను ఏఈని, అంటే నీటి సరఫరా చూసే అసిస్టెంట్ ఇంజినీరుని. ఊరు పంచాయతీగా ఉన్ననాటి నల్లా నిబంధనలు నాలుగు కాగితాలే ఉండేవి. వాటిని కొత్తగా రాయమని పైనుంచి ఉత్తర్వు వచ్చి, ఆ పని నా మీద పడింది. నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే అనిపించింది. ఊళ్లో ఏ పైపు ఎలా వెయ్యాలో ఇకమీద నేను రాసినట్టే జరుగుతుందని రెండు రోజులు ఇంట్లో కూడా కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

ముసాయిదా మీద మీటింగ్ పెట్టాం. కౌన్సిలర్లు, వ్యాపారులు, ప్లంబర్లు వచ్చారు. ప్లంబర్లలో పెద్దవాడు ఖాజా భాయ్. అరవై దాటిన మనిషి. మా మ్యాపులో కనిపించని వాల్వు ఎక్కడుందో తెలియాలంటే నేను ఆయనకే ఫోన్ చేసేవాణ్ణి. అందరూ మాట్లాడాక ఆయన లేచాడు.

"పైపు సైజులు తర్వాత రాసుకుందం సార్. ముందుగాల నల్లాకు మోటర్ బిగించుడు బంద్ జేయున్రి. నీళ్లు సంపుల పడాలె, సంపుల నుంచి మోటర్ గుంజాలె. గట్ల రాయున్రి."

సంపు అంటే ఇంట్లో భూమి లోపల కట్టుకునే తొట్టి. నీళ్లు దానిలో పడ్డాక మోటారుతో మేడమీదికి ఎక్కిస్తే ఎవరికీ నష్టం లేదు. మోటారును నేరుగా నల్లా పైపుకే బిగిస్తే వీధి నీళ్లన్నీ ఒక్క ఇల్లే లాక్కుంటుంది. అంతటితో పోదు. లాగుడు ఎక్కువైతే లైను ఖాళీ అయి, ఎక్కడ చిన్న పగులున్నా బయటి మురికిని లోపలికి పీల్చుకుంటుంది. దాన్నే మేము సక్షన్ అంటాం.

మీటింగులో కూర్చున్న సగం మంది ఇళ్లలో నల్లాకే బిగించిన మోటార్లు ఉన్నాయి. మా ఇంట్లోనూ ఉంది. బాత్రూమ్ గోడ వెనుక, బోర్లించిన ప్లాస్టిక్ టబ్బు కింద. నేను ఖాజా భాయ్ ముఖంలోకి చూశాను. ఆయన తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

"మంచి సూచనే భాయ్. రెండో దశలో పరిశీలిద్దాం" అన్నాను. అందరూ హాయిగా తలలూపారు. ఆ రెండో దశ ఎన్నటికీ రాదని చెప్పిన నాకూ తెలుసు, విన్న వాళ్లకూ తెలుసు.

నిబంధనలు అమల్లోకి వచ్చిన తర్వాతి వానాకాలంలో లైను చివరి కాలనీ నుంచి ముత్తమ్మ ఆఫీసుకు వచ్చింది. అడవి ఊళ్ల నుంచి కూలికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల కాలనీ అది. ఆమె నా బల్ల మీద నీళ్ల సీసా పెట్టి మూత తీసింది. మురుగు వాసన గుప్పుమంది.

"సారూ, గీ నీళ్లు నువ్వొక్క గుక్క తాగి సూపియ్యి. నా మనవరాలు మూడొద్దుల సంది దవాఖానల ఉన్నది. వాంతులు ఆగుతలెవ్వు."

నాకు సక్షన్ సంగతి తట్టలేదంటే అబద్ధం. తట్టింది. కానీ మా ఇల్లూ అదే లైను మీద ఉంది, ఆ దారి పట్టుకుని పోతే మా ఇంటి గోడ దగ్గర తేలుతుంది. ఆ కాలనీకి వెళ్లే పైపు ఒక కల్వర్టు కింద మురుగు కాలువను దాటుతుంది. అక్కడ వేసవిలో జాయింట్ వేసింది ఖాజా భాయ్. జాయింట్ చెడితే ప్లంబర్ లైసెన్సు రద్దు చెయ్యాలని కొత్త నిబంధనల్లో నేనే రాశాను. దాన్ని మొదట ఆయన మీదే వాడాను. లైసెన్సు ఎందుకు రద్దు చెయ్యకూడదో వారంలో చెప్పమని నోటీసు.

ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడ్డమే తప్ప చదవడం రాదు. నోటీసు పట్టుకుని ఆఫీసుకు వచ్చి, దాన్ని నా చేతికే ఇచ్చి, "ఏం రాసిన్రు సార్?" అన్నాడు. ఆఫీసు మొత్తం వింటుండగా చదివి వినిపించాను. లైసెన్సు పోతే ఊళ్లో ఒక్క ఇల్లు కూడా ఆయన్ని పనికి పిలవదు. నలభై ఏళ్ల పేరు ఆయనది.

"నా జాయింట్ మీరు తవ్వి సూసిన్రా?"

"రేపు తవ్విస్తాను."

"అవ్, తవ్వున్రి. నీళ్లిడిసే టయానికే తవ్వున్రి."

మర్నాడు పొద్దున్న ఆరింటికి కల్వర్టు దగ్గర గొయ్యి తీయించాం. ఆయన జాయింట్ చెక్కు చెదరలేదు. దానికి రెండు గజాల అవతల మా పాత మున్సిపల్ పైపుకు సన్నని పగులు. నీళ్లు వదిలిన వేళ కాబట్టి అందులోంచి బయటికి చిమ్మాలి. చిమ్మలేదు. పక్కనున్న మురుగే మెల్లగా లోపలికి పోతోంది.

ఖాజా భాయ్ మమ్మల్ని ముత్తమ్మ ఇంటికి నడిపించాడు. "నల్లా తిప్పి అరచెయ్యి పెట్టమ్మా" అన్నాడు.

"అయ్యో, చెయ్యి గుంజుతాంది!" అంది ముత్తమ్మ.

నేనూ పెట్టి చూశాను. నీళ్లివ్వాల్సిన నల్లా నా చేతిని లోపలికి లాగుతోంది.

అక్కడి నుంచి లైను పొడవునా వెనక్కి నడుస్తూ ఇంటింటా మోటార్లు ఆపించుకుంటూ వచ్చాం. కొందరు తిట్టారు, కొందరు తలుపు తియ్యలేదు. ముత్తమ్మ నల్లా దగ్గర మా లైన్‌మన్‌ను ఉంచి వచ్చాం. లైన్‌మన్ ఫోన్‌లో ముత్తమ్మ "ఇంకా రాలే" అంటూనే ఉంది. "ఇక చాల్లే భాయ్" అని నేను రెండుసార్లు అన్నాను. చివరి సందు మాదే.

మోటారు ఎక్కడుందని ఖాజా భాయ్ అడగలేదు. నేరుగా బాత్రూమ్ వెనక్కి వెళ్లి, టబ్బు పక్కకు తీసి, స్విచ్చు ఆపాడు. మూడేళ్ల కిందట నేను బతిమాలితే దాన్ని బిగించింది ఆయనే. కాసేపటికి ఫోన్‌లో ముత్తమ్మ అరిచింది: "వచ్చినయ్! నీళ్లొచ్చినయ్ సారూ!" మా ఆవిడ వంటింటి గుమ్మంలో బిందెతో నిలబడి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"మీటింగులో నా మోటారు సంగతి ఎందుకు చెప్పలేదు భాయ్?" అని అడిగాను.

"పనిచ్చిన ఇంటి గుట్టు బయట చెప్పొద్దని మా అబ్బాజాన్ నేర్పిండు. మీరే జెప్తరనుకున్న సార్."

వారంలో పైపు మార్చాం. ముత్తమ్మ మనవరాలు కోలుకుని ఇంటికి వచ్చింది. మోటార్ల నిషేధం నిబంధనల్లోకి ఎక్కింది, మా ఇంటి మోటారు ఊడింది. నోటీసు రద్దు చేసిన కాగితం నేనే ఖాజా భాయ్ ఇంటికి తీసుకెళ్లి, ఆయన భార్య ముందు చదివాను: "సాంకేతిక కారణాల వల్ల నోటీసు ఉపసంహరించడమైనది."

"అంటే తప్పు ఎవరిదని రాసిన్రు సార్?" అని ఆమె అడిగింది.

ఆయన నా వైపు చూసి, "మనది కాదని రాసిన్రులే" అని చెప్పి నాకు చాయ్ తెమ్మన్నాడు. మళ్లీ నా గుట్టే కాపాడాడు. నేను ఆ చాయ్ తాగి వచ్చేశాను.

నిబంధన రాసేవాడు ముందు తన ఇంటి పైపు చూసుకోవాలని ఆ కేసు నాకు నేర్పింది. నేర్చుకున్నది ఒప్పుకోవడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది. ఆ కాగితంలో ఉండాల్సిన వాక్యం ఇది: పగిలిన పైపు మున్సిపాలిటీది, పీల్చిన మోటార్లలో ఒకటి నాది, ఖాజా భాయ్ జాయింట్‌లో ఏ లోపమూ లేదు. ఈసారి ఆయన ఇంటికి వెళ్లి, ఆమె ముందు కూర్చుని, ఇది చదవాలి.