అరచేతి కింది పేరు

మొప్ప ఎత్తి చూడకుండా చేపను కొనను, మనిషిని నమ్మను. యానాం నుంచి మా రేవుకు వచ్చి, చేపలమ్మే ఆడవాళ్ళకు సాయంత్రాలు అక్షరాలు నేర్పిన డ్రాయింగు మాస్టారిని అసలు నమ్మలేదు. ప్రభుత్వం జీతమిచ్చి పంపిన మనిషి ప్రభుత్వాలను వెక్కిరించే బొమ్మలు చూపిస్తాడేమిటి? మా నోటి నుంచి మాట లాగడానికే వచ్చాడనుకున్నాను.

అవి ఫ్రాన్సు దేశపు పాత పత్రికల్లోని బొమ్మలట. కింద రాసింది అరచేత్తో మూసి, "ముందు బొమ్మ చూడండమ్మా" అనేవారు. ఒకదాంట్లో బానపొట్ట మంత్రి నోరు తెరుచుకుని కూర్చుంటే, బక్క జనం బుట్టలు మోసుకొస్తున్నారు.

"బుట్టల్లో ఏం చేపలండీ?" అన్నాను.

"చేపలు కాదమ్మా, జనం కట్టిన పన్నులు. ఆయనగారి దర్జాలకి."

ఆ ఏడు మాకు చేపల మార్కెట్టు షెడ్డు కట్టారు. ముందు పాలరాతి స్వాగత ద్వారం లేచింది. లోపల కుళాయి లేదు. ప్రారంభం రోజు పొద్దున చూస్తే గోడ మీద బొగ్గుతో అదే బొమ్మ. బుట్టలు మోసేది మేమే.

షెడ్డు కట్టించిన ఆఫీసరు మండిపడ్డాడు. "గీసిందెవరో చెప్పకపోతే మీలో ఒక్కరికీ ఇక్కడ చోటుండదు."

మాస్టారు గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. ఈయన జారుకుంటాడు, నింద మా మీద పడుతుంది అనుకున్నాను.

"ఏంటి మాస్టారూ, గోడ పడిపోద్దని పట్టుకున్నారా?"

ఆయన చెయ్యి తీశారు. దాని కింద గుండ్రటి అక్షరాల్లో ఆయన పేరుంది.

"గీసింది నేనేనండి" అన్నారు ఆఫీసరుతో.

మాకు చోటు దక్కింది. ఆయన మళ్ళీ పాఠానికి రాలేదు. ఎవరి సాయమూ లేకుండా నేను మొదట చదివింది ఆ పేరే. ఇక్కడ మాత్రం రాయను. దీన్ని ఎవరెవరు చదువుతారో నాకేం తెలుసు?