మా ఆయన చేసిన గేరుగుండు

మా ఆయన అంజినప్పకు ఏ కొయ్య ఇచ్చినా, అందులో తన కోతిచేష్ట ఒకటి కలపకుండా తిరిగివ్వడు. సోమందేపల్లెలో హైవే పక్కన మాకు చిన్న లేత్ షాపుంది. మంచం కోళ్లు, చల్లకవ్వాలు, ఉయ్యాల గుండ్లు చేస్తాడు. ఒక కొత్త పెళ్లికొడుక్కి మంచం కోళ్లు చేసిస్తూ, ఒక కోడు మాత్రం కిర్రుమనేటట్టు చేశాడు. పాపం, ఆ అబ్బాయి కొన్నాళ్లు మా షాపు ముందు తలెత్తుకొని నడవలేదు. పంచాయితీలు చెప్పే పెద్దమనిషి కుర్చీకి ఒక కాలు శెనగ్గింజంత తక్కువ చేసి, "అబద్ధం చెప్పినప్పుడంతా ఊగుతాదిలే" అన్నాడు. తిట్లు పడేదెవరు? షాపు ముందర టీ అమ్ముకునే నేను. "ఏం భద్రమ్మా, నీ మొగుడు చేసిన పని చూసినావా" అని ఊరంతా నా దగ్గరికే వస్తుంది. కట్టుకున్నందుకు పడాలి కదా!

ఆ శుక్రవారం పొద్దున ఒక ఎర్ర కారు వచ్చి షాపు ముందు ఆగింది. రెండే తలుపులు. నేలకు కరుచుకొని ఉంది. అందులోంచి సన్నగా, పొడుగ్గా ఒక అబ్బాయి వంగి వంగి బయటికొచ్చాడు. పేరు హర్ష అన్నాడు. కళ్యాణదుర్గంలో నూనె మిల్లు ఉన్నవాళ్ల కొడుకట, బెంగళూరులో ఉద్యోగమట.

"అన్నా, గేర్ రాడ్ మీద గుండు తోలు ఊడిపోయినాది. మంచి కొయ్యతో ఒకటి చేసిస్తావా?"

"చేస్తా గానీ, యాడికప్పా ఇంత సింగారం?" అన్నాడు మా ఆయన.

ఆ ఒక్క ప్రశ్నకే అబ్బాయి కరిగిపోయి అంతా చెప్పేశాడు. కొత్తచెరువులో ఇతని మేనమామ గోపాలయ్యకు అంగడి ఉంది. ఆయన కూతురు కల్పన, ఇతనూ ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ గోపాలయ్య గృహప్రవేశంలో తాంబూలం ముందు వేరే ఎవరికో ఇచ్చారని హర్ష నాయన విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. ఆ రోజు నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. ఈ శుక్రవారం దాటేలోపల వచ్చి తన నాయన ముందర నిలబడి అడక్కపోతే ధర్మవరం సంబంధానికి ఊ అంటానని కల్పన తెగేసి చెప్పిందట.

"మరి పోలేదేంటికి?" అన్నాను నేను.

"రెండుసార్లు పోయినానక్కా. అరుగు మీద మామను చూస్తానే ధైర్యం చాల్లేదు. ఇదిగో, ఈ రింగు పైకి లాగితేనే రివర్స్ పడేది. లాగి, ఎనక్కి వచ్చేసినా."

గుండు కింద ఉన్న ఆ రింగును లాగి చూపించాడు. మా ఆయన దాన్ని శ్రద్ధగా చూశాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు, నా తలకాయ!

చింతచేవ ముక్క తీసి లేత్ మీద ఎక్కించాడు. నున్నగా, నల్లగా నిగనిగలాడే గుండు వచ్చింది. లోపల ఇత్తడి నట్టు దించి, రాడ్‌కు బిగించి, పక్కనుంచి బోల్టు కూడా పెట్టాడు. గుండు గొంతు ఎందుకో పొడుగ్గా ఉంది. "అందానికిలే" అన్నాడు. "కొత్త గుండు, దారిలో లూజయితే బిగించాల. నేనూ వస్తా" అని కార్లో ఎక్కి కూర్చున్నాడు. కొత్తచెరువులో మా చెల్లెలుంది, ఉచితంగా వచ్చే కారు ఎందుకు వదలాలని నేనూ ఎక్కాను. వెనక సీటంటారు గానీ, అది కొబ్బరికాయల సంచీకి చాలు, మనిషికి చాలదు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని కూర్చున్నాను.

గోపాలయ్య వీధి సన్నది. రెండు పక్కలా కాలువలు, కారు తిప్పే చోటు లేదు. అంగడి అరుగు మీద ఆయన మీసాలు దువ్వుకుంటూ కూర్చొని ఉన్నాడు. హర్ష కారు ఆపాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చేయి గేర్ మీదికి పోయింది.

"అన్నా, రింగు పైకి వస్తాలేదన్నా!"

"రాదప్పా. గుండు గొంతు అడ్డం పడి రాకుండానే చేసినా" అన్నాడు మా ఆయన, కారు కప్పు చూస్తూ. "ముందరికి ఎన్ని గేర్లయినా వేసుకో. ఎనక్కి మాత్రం ల్యా."

"నీ చేతులిరగ! ఆ గుండు ఊడదీయి" అని వెనకనుంచి గిల్లాను.

"పానా షాపులో మరిచిపోయినా."

"బిగించేదానికని వచ్చినోడివి పానా తేలేదా?"

ఆ కంగారులో హర్ష మోచేయి హారన్‌కు తగిలి వీధంతా మోగింది. గోపాలయ్య లేచి, పంచె ఎగ్గట్టి, నేరుగా కారు దగ్గరికి వచ్చాడు. హర్ష దిగాడు. ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని నేను ఊపిరి బిగబట్టాను.

"మామా… కారు ఎనక్కి పోతాలేదు. కొంచెం తొయ్యాల" అన్నాడు.

నా నెత్తి నేనే కొట్టుకున్నాను.

"ఎనక్కి పోయేది నీకు బాగా తెలుసు కదరా" అన్నాడు గోపాలయ్య. "రెండుసార్లు పోయినావు. నేను చూడలేదనుకుంటివా? రెండుసార్లూ మీ అత్తతో కాఫీ పెట్టించినా. రెండుసార్లూ నేనే తాగినా."

హర్ష ఇంటి వైపు చూశాడు. గడప దగ్గర ఒక అమ్మాయి తలుపు పట్టుకొని నిలబడింది, కల్పనే అయి ఉండాలి.

"మామా, కల్పనను నాకియ్యి" అన్నాడు ఒక్క ఊపున. "మీరూ మీరూ మాట్లాడకపోయినా సరే, నాకియ్యి."

గోపాలయ్య కారు బానెట్ మీద కూలబడ్డాడు. "మీ అమ్మకు తెలుసా?"

"తెలీదు. నీ పేరెత్తితే ఏడుస్తాది."

"కలుపు ఫోన్."

హర్ష స్పీకర్ పెట్టి ఇచ్చాడు. అవతల వాళ్లమ్మ రత్నమ్మ ఎత్తింది.

"అక్కా, నేను. గోపాలను."

"ఎవురు పోయినార్రా?" అంది ఆమె.

సొంత తమ్ముడి గొంతు వినబడితే ఆమెకు తోచింది చావు కబురే!

"ఎవురూ పోలేదక్కా" అన్నాడు గోపాలయ్య. "నీ కొడుకొచ్చి పిల్లనడుగుతాండాడు. నువ్వొచ్చి అడిగితేనే ఇస్తా."

"ఇప్పుడే బస్సెక్కుతా" అని ఆమె ఏడుపందుకుంది. ఆ ఏడుపు వెనకనుంచి ఒక మగ గొంతు కసురుకుంది, "బస్సేంటికి? నా చెప్పులు యాడ పెడితివి? నేనూ వస్తాండా."

గోపాలయ్య ఫోన్ గుండెకు ఆనించుకొని గోడవైపు తిరిగాడు. కల్పన గడప దిగి పరిగెత్తుకొచ్చింది. నేను కొంగుతో కళ్లు తుడుచుకొని, తిడదామని మా ఆయన వైపు తిరిగాను. ఆయనా ముక్కు చీదుకుంటున్నాడు.